పింఛను పేర్లు

మన దేశంలో వృద్ధాప్య పింఛను రాష్ట్రానికొక తీరుగా ఉంది. దీనిని బొక్కసాల తేడాగా వివరించటం పరిపాటి. అది కొంతవరకే నిజం. ఆ పథకాల పేర్లను చరిత్రలో నిలిపి చూస్తే ఇంకొక సంగతి తెలుస్తుందని నా అభిప్రాయం. పేర్లను పరీక్షించటం సాహిత్యకారుల పనే గదా!

రాజ్యాంగం 41వ అధికరణం వార్ధక్యంలో ప్రభుత్వసహాయం పొందే హక్కును ప్రస్తావించింది. ప్రస్తావించి, దాన్ని ఆదేశసూత్రాల్లో ఉంచి, ఆర్థికశక్తి మేరకే అని షరతు పెట్టింది. 'సాంఘిక భద్రత' ఉమ్మడి జాబితాలోకి వెళ్ళింది. 'అంగవికలుర, పని చేయలేనివారి సహాయం' రాష్ట్రాల జాబితాలో పడింది. ఉత్తరప్రదేశ్ 1957లోనే వృద్ధాప్య పింఛను ప్రారంభించగా, కేంద్రం 1995 దాకా కదలలేదు. అప్పుడైనా 65 ఏళ్ళు దాటిన నిరాధారులకు నెలకు 75 రూపాయలు! 2006లో అది 200 అయింది. 2011లో వయస్సును 60కి తగ్గించి, 80 ఏళ్ళవారికి 500 చేశారు గాని, తక్కినవారికి ఆ 200 మీద పైసా పెరగలేదు. మిగతాది రాష్ట్రాల చిత్తం, ఎన్నికల అవసరం. బీహారులో 400 ఉన్నది 1,100 అయింది 2025లో, శాసనసభ ఎన్నికల ఏడాదిలో.

కేరళ చరిత్ర వేరు. అక్కడి భూసంస్కరణలు కౌలుదార్లకు భూమినిచ్చాయి. కూలీలకు దక్కినవి ఎక్కువగా గుడిసె జాగాలే. ఆ కూలీలు సంఘటితమై పోరాడిన దశాబ్దంలోనే 1974 నాటి వ్యవసాయ కార్మికుల చట్టం, దాని వెనుక 1980లో నాయనార్ ప్రభుత్వ కాలంలో 45 రూపాయల పింఛను వచ్చాయి. మొత్తం స్వల్పమే. కాని దాని పేరు 'కర్షక తొళిలాళి' పింఛను, అనగా వ్యవసాయ కార్మిక పింఛను. పుచ్చుకునే మనిషి దైన్యం గాక, చేసిన శ్రమ ఆ పేరులో ఉంది.

మన పేర్లు చూడండి. ఉమ్మడి రాష్ట్రం విడిపోయేనాటికి పింఛను 200. 2014లోనే రెండు ప్రభుత్వాలూ 1,000 చేశాయి. తెలంగాణలో 'ఆసరా'. ఆంధ్రప్రదేశ్‌లో నాయకుడి పేరు తగిలించుకుని ఒకసారి 'భరోసా', 2019 తర్వాత 'కానుక', 2024లో మళ్ళీ 'భరోసా'. కానుక అనేది దొరకో దేవుడికో సమర్పించేది. ఇక్కడ దాని దిక్కు మారింది, బంధం మారలేదు. 2019లో తెలంగాణ ఇచ్చిన 2,016 అంకె కూడా చదివింపుల నుంచి, పండితుల సంభావనల నుంచి వచ్చిందే. కూలి డబ్బులకు ఎవరూ పదహారు కలిపి ఇవ్వరు.

పోలవరం ముంపు కోసం 2014లో ఖమ్మం జిల్లా మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక ఇటు వచ్చింది. 2024 జూలైలో ఆంధ్రప్రదేశ్ పింఛను 4,000 అయ్యేసరికి, కూతవేటు దూరంలోని ఇద్దరు వృద్ధుల మధ్య దాదాపు రెట్టింపు తేడా ఏర్పడింది. వాళ్ళెవరూ ఊరు మారలేదు, ఎల్ల మారింది.

శ్రమ పేరు మనకు బొత్తిగా లేదనలేం. నేత, గీత కార్మికులకు రెండు రాష్ట్రాల్లోనూ వృత్తి పేరుతోనే పింఛను ఉంది. నలభై ఏళ్ళు నాట్లు వేసి, కలుపు తీసిన మనిషి మాత్రం వృద్ధుల వరసలోనో వితంతువుల వరసలోనో నిలబడాలి.