రైలు పట్టాలు, ఖజానా హిసాబ్



మా సదుంలో రైలు కూత వినపడదు. రైలెక్కాలంటే పీలేరుకో పాకాలకో బస్సులో పోవాల్సిందే. పుంగనూరుదీ అదే హాల్. కుప్పం మీదుగా మాత్రం 1864లోనే మద్రాసు రైలు బెంగళూరు కంటోన్మెంటు చేరింది. తెల్లదొరల ఫౌజు ఉన్నచోటికి పట్టాలు తొందరగా పోయాయి. 1890ల్లో పాకాల - ధర్మవరం మీటర్ గేజ్ లైను పడినా, మదనపల్లె ఊళ్లోకి రాలేదు. సి.టి.ఎం. దగ్గర ‘మదనపల్లె రోడ్’ అనే పేరుతో స్టేషను కట్టి సరిపెట్టారు.

పట్టాలు ఎటు పోవాలో తీర్మానించింది ఎవరు? పైసలు ఎవరివి? ఇదే అసలు సవాల్.

ఆ జమానాలో రైలు కంపెనీలు లండన్‌లో వాటాలు అమ్మేవి. లాభం వచ్చినా రాకున్నా పెట్టుబడి మీద సుమారు 5 శాతం వడ్డీకి సర్కారు జమానత్ ఉండేది. అమెరికాలో హుకూమత్ కంపెనీలకు లక్షల ఎకరాల జమీన్ ఇచ్చింది. ఇక్కడ రైతు కట్టిన శిస్తునే పూచీగా పెట్టింది. ఫాయిదా షేర్‌హోల్డర్లది, నుక్సాన్ రైతుది.

నిజాం రియాసత్‌లోనూ ఇదే కిస్సా. వాడి - సికింద్రాబాద్ లైను 1874లో మొదలైంది. దాన్ని లండన్ కంపెనీకి అప్పగించి, చాందా వైపు కొత్త లైను వేయించాలని 1883లో మన్సూబా వేశారు. షర్తు ఏమిటంటే, 20 ఏళ్లపాటు ఏటా 5 శాతం వడ్డీ నిజాం ఖజానా భరించాలి. కంపెనీ పేరులోనే ‘గ్యారంటీడ్’ అనే మాట చేరింది.

అప్పుడు ముల్లా అబ్దుల్ ఖయ్యూం, సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ వంటివాళ్లు కలిసి గొంతెత్తారు. వాళ్లు రైలు వద్దనలేదు. షర్తులు అవామ్ ముందు పెట్టండి, హిసాబ్ చూపండి అన్నారు. దానికి దొరికిన జవాబ్ సజా. అఘోరనాథ్‌ను రియాసత్ నుంచే వెళ్లగొట్టారు. లైను ఒప్పందం మాత్రం ఆగలేదు.

ఒక మౌల్వీ, ఒక బెంగాలీ సైన్సు పండితుడు ఒకే మాట మీద నిలబడ్డారు. వాళ్ల మధ్య మజహబ్ అడ్డం రాలేదు, ఎందుకంటే ఖజానా అందరిది. మా పుంగనూరు, సదుం వైపు పట్టాలు పడతాయో లేదో నేను చెప్పలేను. కానీ ఏ లైనుకైనా, ఏ రోడ్డుకైనా ఖర్చెంత, ఫాయిదా ఎవరికి అని అడగడం మన హక్. ఆ హక్ కోసం 1883లోనే కొందరు దేశబహిష్కారం మోశారు. వాళ్ల పేర్లు మన పిల్లలకు తెలియాలి.