రికార్డులో లేని చరిత్రను వెతికిన స్నేహం



స్త్రీల ఉద్యమం అనగానే మనకు సభలు, ఊరేగింపులు గుర్తుకు వస్తాయి. ఆ ఉద్యమంలో ఇద్దరు స్త్రీల నడుమ సాగిన చెలిమి గురించి నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

కె. లలిత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్న తెలుగు ఆడపడుచు. 1974లో అక్కడ పుట్టిన పి.ఓ.డబ్ల్యు. అనే మహిళా సంఘాన్ని నిలబెట్టినవారిలో ముఖ్యురాలు. వరకట్నంపై పోరాడిన ఆ సంఘం 1975 ఎమర్జెన్సీలో నిర్బంధానికి గురైంది. సూసీ థారు దారి వేరు. తెలుగు ఆమె మాతృభాష కాదు. హైదరాబాదులో ఆంగ్ల సాహిత్యం బోధించిన అధ్యాపకురాలు.

1978లో హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషనులో రమీజాబీపై అత్యాచారం జరిగింది. ఆమె భర్త, రిక్షా కార్మికుడు, దెబ్బలకు చనిపోయాడు. నగరం అట్టుడికిపోయింది. ఆ ఏడే ఏర్పడిన స్త్రీశక్తి సంఘటనలో వీరిద్దరూ కలిసి పనిచేశారు.

తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను సంఘటన సభ్యులు వారి నోటనే విని సేకరించారు. అదే 1986లో వచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. అందులో తన కథ చెప్పిన చిట్యాల ఐలమ్మ 1985లోనే కన్నుమూసింది. మరికొంత జాగు చేసి ఉంటే ఆమె మాట మనకు దక్కేది కాదు.

హుజూరాబాదు తాలూకా కచేరీలో పాత ఉర్దూ పహాణీలు చూసిన గుమాస్తాగా నాకు దీని విలువ తెలుసు. వాటిలో ఆడవారి పేరు అరుదు. ఉన్నా ‘ఫలానావారి జౌజె’ అనే ఉండేది. కాగితంలో లేనిది జరగనట్లే అనుకోవడం మన ఉద్యోగధర్మం. ఆ స్త్రీలు దాన్ని ఒప్పుకోలేదు.

తరువాత సూసీ, లలిత కలిసి బౌద్ధ భిక్షుణుల కాలం నుండి భారతీయ స్త్రీల రచనలను ఏరికూర్చారు. ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ పేరుతో 1991, 1993లలో రెండు సంపుటాలు న్యూయార్కులో వెలువడ్డాయి. తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళనికి, ఆమె కావ్యాన్ని 1910లో అచ్చువేయించిన బెంగుళూరు నాగరత్నమ్మకు వాటిలో గౌరవస్థానం దక్కింది. ఒకరికి ఆంగ్ల పాండిత్యం, ఒకరికి ఉద్యమానుభవం. ఏ ఒక్కరివల్లా అయ్యే పని కాదది.

మన ఇళ్ళలోనూ అమ్మలు, అత్తలు, అక్కలు ఉన్నారు. రజాకార్ల రోజులు కళ్ళారా చూసినవారు ఇక కొద్దిమందే. మనవరాళ్ళు వారి పక్కన కూర్చొని, అడిగి వ్రాసుకోవాలి. ఆలస్యం చేయవద్దని మనవి.