కృత్రిమ రక్తనాళాలు – తెల్ల బాక్టీరియా చరిత్ర

రోగాలకు సూక్ష్మజీవులే కారణమన్న సిద్ధాంతం గురించి మీరు ఇదివరకే చదివారు. ఆ సిద్ధాంతం స్థిరపడ్డాక కూడా వైద్యులు ఒక బాక్టీరియాను దాదాపు వందేళ్లు తక్కువ అంచనా వేశారు. ఎందుకో చూద్దాం.

దగ్గరి ఉదాహరణతో మొదలుపెడదాం. బోడుప్పల్ నుంచి ఉప్పల్ వెళ్లే బస్సులో, చేతి చర్మం కింద తాడులా ఉబ్బిన నాళం ఉన్న డయాలసిస్ రోగిని మీరు చూసి ఉండవచ్చు. చాలామందికి అది సొంత సిరే. సిరలు పనికిరానివారికి మాత్రం ధమనికీ సిరకూ మధ్య పీటీఎఫ్ఈ అనే ప్లాస్టిక్ గొట్టాన్ని కుడతారు. ఇదే గ్రాఫ్ట్. డయాలసిస్ జరిగిన ప్రతిసారీ సూదులు దిగేది ఇందులోకే. చర్మం మీది బాక్టీరియాకూ అదే దారి.

1880లో స్కాట్లండ్ వైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ గడ్డల చీములో గుండ్రని సూక్ష్మజీవులను చూశాడు. అవి ద్రాక్షగుత్తిలా ఉండటంతో 1882లో స్టెఫిలోకాకస్ అని పేరు పెట్టాడు. 1884లో జర్మన్ వైద్యుడు రోజెన్‌బాక్ రంగును బట్టి వాటిని విడదీశాడు. బంగారు రంగుది ఆరియస్, తెల్లది ఆల్బస్. ఈ తెల్లదాన్నే నేడు ఎపిడర్మిడిస్ అంటున్నాం. ఇది అందరి చర్మంపైనా ఉండేదే. అందుకే కల్చర్‌లో కనిపించినా, చర్మం నుంచి పొరపాటున కలిసిందని వదిలేసేవారు. దీన్ని నేను నిర్లక్ష్యం అనను. అప్పటి సాక్ష్యం అంతవరకే చెప్పింది.

పరిస్థితిని మార్చింది గుడ్డ. 1952లో అమెరికాలో ఆర్థర్ వూర్హీస్ బృందం విన్యాన్-ఎన్ గుడ్డతో చేసిన గొట్టాలను కుక్కల ధమనుల్లో అమర్చిన ఫలితాలు ప్రచురించింది. ఆ దశకంలోనే హ్యూస్టన్‌లో మైకేల్ డిబేకీ డేక్రాన్ గుడ్డను భార్య కుట్టుమిషన్ మీద గొట్టంగా కుట్టాడు. చిన్నప్పుడు తల్లి నేర్పిన కుట్టుపని అలా అక్కరకొచ్చింది. అప్పటికి యాంటీబయాటిక్స్ ఉన్నాయన్న ధైర్యం కూడా ఉంది. మన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ ప్రయోగశాల నుంచి 1948లో ఆరియోమైసిన్ వచ్చింది కదా.

అయినా కొన్ని గ్రాఫ్టులకు ఇన్ఫెక్షన్ సోకింది. ఆరియస్ అయితే ఎక్కువగా తొలి నెలల్లోనే జ్వరంతో, చీముతో బయటపడుతుంది. సూడోమోనాస్ కుట్టు వేసిన చోట ధమని గోడను దెబ్బతీసి రక్తస్రావం కలిగిస్తుంది. తెల్లదాని తీరు వేరు. ఏళ్ల తరబడి జ్వరం ఉండకపోవచ్చు, రక్తపు కల్చర్‌లో తరచు ఏమీ పెరగదు. కృత్రిమ గొట్టానికి అంటుకొని, తన చుట్టూ జిగురుపొర అల్లుకొంటుంది. ఆ పొరలో దాగిన బాక్టీరియాను మందులూ తెల్లరక్తకణాలూ సులభంగా చంపలేవు. 1980లలో, తీసివేసిన గ్రాఫ్టులను అతిధ్వని తరంగాలతో కదిలించి ఆ పొరను విడగొట్టి కల్చర్ చేసినప్పుడు, అంతకుముందు దొరకని బాక్టీరియా పెరిగింది. ఒకప్పుడు పొరపాటుగా కలిసిందని వదిలేసినదే అసలు కారణమని తేలింది.

ఇన్ఫెక్షన్ గ్రాఫ్టంతా వ్యాపిస్తే మందులు మాత్రమే చాలవు, సాధారణంగా గొట్టాన్ని తీసివేయాల్సిందే. అప్పుడు ఆ డయాలసిస్ రోగికి సూది గుచ్చడానికి ఒంట్లో మరో చోటు వెతకాలి. అలాంటి చోట్లు కొన్నే ఉంటాయి.