మందు మానాక మిగిలేది

ఆల్కహాలిక్స్ అనానిమస్ చరిత్రని చాలామంది 1934 డిసెంబరు దగ్గర మొదలుపెడతారు. న్యూయార్క్‌లో టౌన్స్ ఆసుపత్రి. వాల్‌స్ట్రీట్‌లో షేర్ల పని చేసి, తాగి చితికిపోయిన ముప్పై తొమ్మిదేళ్ల బిల్ విల్సన్. గదినిండా తెల్లటి వెలుగు. ఆ తర్వాత ఆయన తాగలేదు. కథగా బాగుంటుంది. నేనైతే ఈ చరిత్రని 1912 నుంచి చదువుతాను.

అప్పటికి బిల్‌కి మందు రుచే తెలీదు. వెర్మాంట్ పల్లెటూరి కుర్రాడు. పదేళ్లప్పుడు తండ్రి ఇల్లు వదిలి పోయాడు. తల్లి చదువుకోసం బోస్టన్ వెళ్లింది. అమ్మమ్మ, తాతయ్య పెంచారు. 1912లో, తను ప్రేమించిన బెర్తా బామ్‌ఫర్డ్ ఆపరేషన్ తర్వాత చనిపోయింది. కుర్రాడు కుంగిపోయాడు, చదువు దెబ్బతింది. మొదటి గ్లాసు పట్టుకున్నది 1917లో, సైన్యంలో ఉండగా. దుఃఖం వచ్చిన ఐదేళ్లకి గానీ మందు రాలేదు. ఒకటి రెండోదానికి కారణమని నేననను. కానీ వరస గుర్తుంచుకోవాలి. ఎందుకంటే, మందు పోయాక ముందునుంచీ ఉన్నది మళ్లీ బయటపడుతుంది.

మా బాబాయి తాగుడు మానేసిన ఏడాదికి, ఓ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని పిన్ని కోసం ఏడ్చాడు. ఆవిడ పోయి అప్పటికి ఆరేళ్లు. ఇంట్లో అందరం కంగారుపడ్డాం, 'బాగయ్యాడు కదా, ఇప్పుడిదేమిటి' అని.

వెలుగు చూసిన ఐదు నెలలకే, 1935 మేలో, బిల్ ఏక్రన్ ఊళ్లో ఓ హోటల్ లాబీలో ఒంటరిగా నిలబడ్డాడు. వచ్చిన వ్యాపారం చెడింది. పక్కనే బార్. ఆ వెలుగు సరిపోలేదు. ఫోన్ అందుకుని చర్చిలకి ఫోన్లు చేశాడు, తనలాంటి తాగుబోతు ఇంకొకడు కావాలని. అలా దొరికాడు సర్జన్ బాబ్ స్మిత్. పావుగంట అనుకున్న మాటలు గంటల తరబడి సాగాయి. బాబ్ చివరిసారి తాగిన జూన్ 10నే సంస్థ పుట్టినరోజుగా లెక్కేస్తారు.

ఈ చరిత్రలో ఆధ్యాత్మికత అంటే నాకు ఆ వెలుగు కన్నా ఈ ఫోనే. పన్నెండు మెట్లు రాసేటప్పుడు సభ్యుల్లోని నాస్తికులు పోట్లాడి, దేవుడి పక్కన 'మనకి అర్థమైన మేరకు' అన్న మాట చేర్పించారు. దాంతో గుడికి వెళ్లనివాడికీ అక్కడ కుర్చీ దొరికింది.

1944 నుంచి పదేళ్లకు పైగా బిల్‌ని తీవ్రమైన దిగులు పట్టుకుంది. వేలమందిని మాన్పించినవాడు కొన్ని పొద్దులు మంచం దిగలేకపోయాడు. తాగకుండా ఉండడం ఒకటి, మనసు కుదుటపడడం ఇంకొకటి అని 1958లో తనే రాశాడు.

1961లో కార్ల్ యూంగ్ ఆయనకి రాసిన ఉత్తరంలో, లాటిన్‌లో సారాకీ ఆత్మకీ ఒకటే మాట అని గుర్తుచేశాడు. తాగుడు దాహం వెనక సంపూర్ణత కోసం దాహం ఉందన్నాడు. తెలుగులో ఇంకో జంట ఉంది: రోగానికి వేసుకునేదీ మందే, సీసాలోదీ మందే. సీసా తీసేస్తే మందు పోతుంది. గాయం అక్కడే ఉంటుంది.

1970 చివర్లో, చావుకి దగ్గరపడ్డ బిల్ విస్కీ అడిగాడని నర్సుల రాతల్లో ఉంది. ఇవ్వలేదు. 1971 జనవరిలో పోయాడు, ముప్పై ఆరేళ్లు తాగకుండా. ఇది చదివి ఆయన ఓడిపోయాడనుకునేవాళ్లున్నారు. ముప్పై ఆరేళ్లు ఆ దాహాన్ని పక్కన పెట్టుకునే బతికాడని నేను అనుకుంటాను.