చందమామ మీద అడుగులు: ఒక సింహావలోకనం

బాన్సువాడ మార్కెట్ యార్డులో వడ్ల బస్తా ఎత్తుకునే హమాలీని గమనించండి. బరువు భుజాన కుదిరాకే మొదటి అడుగు వేస్తాడు. అదే బస్తా చంద్రుడి మీద ఆరోవంతే తూగుతుంది. కానీ దాని ద్రవ్యరాశి తగ్గదు. ఒకసారి కదిలాక ఆపాలంటే ఇక్కడంత బలమూ కావాలి, నేల మీద కాలి పట్టేమో ఆరోవంతుకు పడిపోతుంది. తక్కువ గురుత్వంలో మనిషిని ఇబ్బంది పెట్టింది ఈ తిరకాసే.

ఇటలీ శాస్త్రవేత్తలు మార్గారియా, కవాన్యా 1964లోనే దీన్ని లెక్కగట్టారు. నడకలో ఒంటిని ముందుకు దించేది భూమి ఆకర్షణే. అది తగ్గితే నడక మందగిస్తుంది, త్వరగా పోవాలంటే గెంతాల్సిందే అన్నారు. 1969 జులైలో చంద్రుడి మీద వ్యోమగామి ఆల్డ్రిన్ కంగారూలా రెండు కాళ్లతో దూకి చూశాడు. ఒకదాని తర్వాత ఒక కాలు వేస్తూ సాగడమే మేలని తేల్చాడు. ఆగాలంటే రెండు మూడు అడుగుల ముందే సిద్ధపడాలన్నాడు. 1972 ఏప్రిల్‌లో అపోలో-16 వ్యోమగామి చార్లెస్ డ్యూక్ సరదాగా ఎత్తుకు ఎగిరి వెల్లకిలా పడ్డాడు. పడింది ప్రాణవాయువునిచ్చే వీపు పెట్టె మీద! అది పగిలి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

చంద్రుడి మీద తిరిగింది 12 మందే, అదీ మొత్తం సుమారు 80 గంటలు. అందుకే లెక్కలు ఇంకా సరిచూసుకుంటూనే ఉన్నారు. నడక పరుగుగా మారే వేగం అక్కడ గంటకు 3 కిలోమీటర్లేనని సూత్రం చెబుతుంది. చంద్ర గురుత్వాన్ని విమానంలో కల్పించి చేసిన ప్రయోగాల్లో, 2014లో ప్రచురించిన ఫలితం ప్రకారం, అది దాదాపు 5 కిలోమీటర్లు. ఊగే చేతులు, కాళ్లు ఒంటిని కిందికి అదుముతాయన్నది పరిశోధకుల వివరణ.

మనవాళ్లకున్న అనుభవం చంద్రుడిది కాదు, భారరహిత స్థితిది. హైదరాబాద్‌లో చదువుకున్న రాకేశ్ శర్మ 1984లో సాల్యూట్-7 అంతరిక్ష కేంద్రంలో యోగాసనాలు వేశారు. మన శిరీష బండ్ల 2021లో అంతరిక్ష యాత్రలో కొద్ది నిమిషాలు తేలారు. తెలంగాణ మూలాలున్న రాజాచారి అదే ఏడాది నవంబరులో అంతరిక్షానికి వెళ్లి 177 రోజులున్నారు. అంతరిక్ష కేంద్రంలో రోజూ సుమారు రెండు గంటల వ్యాయామం తప్పనిసరి. ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తాలన్నా పట్టీలతో కిందికి లాగి కట్టుకోవాలి. వ్యాయామం లేకుంటే ఎముక నెలకు ఒక శాతానికి పైగా తరిగిపోతుంది.

2040 నాటికి భారతీయుణ్ని చంద్రుడి మీద దించాలన్నది దేశ లక్ష్యం. రాకెట్‌పై పెట్టే శ్రద్ధలో కొంతైనా కాళ్ల మీద పెట్టాలి. మన విశ్వవిద్యాలయాల వ్యాయామ శాస్త్ర విభాగాలు, ఎముకల వైద్యులు తక్కువ గురుత్వంలో నడకపై పరిశోధనను ఇప్పుడే చేపట్టాలి.