మల్టిపుల్ మైలోమా నిర్ధారణ

మల్టిపుల్ మైలోమా ఎముకల మూలుగలోని ప్లాస్మా కణాలకు వచ్చే కాన్సరు. నడుము నొప్పి, నీరసం వయసు మళ్ళినవారిలో సాధారణమే కనుక ఈ వ్యాధిని గుర్తించడం తరచు ఆలస్యమవుతుంది. అనుమానం కలిగినప్పుడు రక్తాన్ని ఎలక్ట్రోఫోరెసిస్ పద్ధతిలో పరీక్షించి, ఎమ్-ప్రోటీను ఉన్నదేమో చూస్తారు.

1845లో లండనులో హెన్రీ బెన్స్ జోన్స్ ఒక రోగి మూత్రాన్ని పరిశీలించాడు. నైట్రిక్ ఆమ్లం కలిపిన ఆ మూత్రం చల్లారితే గడ్డకట్టి, తిరిగి వేడిచేస్తే కరిగేది. అందులోని ప్రోటీను నిజానికి ప్రతిరక్షకాలలోని తేలిక గొలుసు. మామూలు మూత్రపరీక్ష పట్టీ ముఖ్యంగా ఆల్బుమిన్‌నే చూపుతుంది. ఈ ప్రోటీను దానికి చిక్కదు. కనుక ఆ పట్టీని మాత్రమే నమ్మరాదు. తేలిక గొలుసులను రక్తంలో విడిగా కొలుస్తారు.

2014 నాటి అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం, మూలుగలో ఒకే కణం నుండి పుట్టిన ప్లాస్మా కణాలు కనీసం 10 శాతం ఉండి, రక్తంలో కాల్షియం పెరగడం, మూత్రపిండాలు దెబ్బతినడం, రక్తహీనత, ఎముకలు గుల్లబారడం వంటివాటిలో ఒకటైనా కనిపిస్తే వ్యాధి నిర్ధారణ అవుతుంది. ఆ కణాలు 60 శాతానికి చేరితే ఈ లక్షణాలేవీ లేకున్నా మైలోమాగానే పరిగణిస్తారు.