రాయి కన్నా ముందు రిజిస్టరు

చరిత్ర చదివే విద్యార్థి ఇంటర్న్‌షిప్ కోసం మ్యూజియంలో చేరితే ఎక్కువగా అప్పజెప్పేది నమోదు పని. వస్తువు మీద రాసిన నంబరూ పుస్తకంలోని నంబరూ ఒకటేనా, అది ఏ ఊళ్లో దొరికింది, ఎవరు పంపారు, ఏ ఏడు చేరింది, కొలతలెంత, ఎక్కడ విరిగింది అని వరుసగా సరిచూడాలి. ఇది గుమాస్తా పని, దీనికి చరిత్ర డిగ్రీ ఎందుకన్న అసంతృప్తి విద్యార్థుల్లోనే కాదు, పంపిన అధ్యాపకుల్లోనూ ఉంటుంది. నేను దీనికి సరిగ్గా ఎదురు చెబుతాను. మ్యూజియంలో చరిత్ర మొదలయ్యేది ఆ పుస్తకంలోనే. అది లేకపోతే ఎంత నష్టమో తెలుగువాళ్లకు మరొకరు చెప్పక్కర్లేదు. అమరావతి స్తూపానికి జరిగిందే చాలు.

పద్దెనిమిదో శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అమరావతిలో పట్టణం కట్టిస్తున్న కాలంలో స్తూపం ఉన్న దిబ్బ దీపాలదిన్నె నుంచి శిల్పాల పలకలు బయటపడ్డాయి. చాలా రాళ్లు గోడలకూ మెట్లకూ పోయాయి. ఆ రోజుల్లోనే దిబ్బను చూసిన సర్వే అధికారి కోలిన్ మెకంజీ 1816లో మళ్లీ వచ్చేసరికి దాని నడుమ చెరువే తవ్వి ఉంది. మిగిలినదానికి ఆయన ప్లాను గీయించాడు, పలకలకు బొమ్మలు వేయించాడు. తర్వాత మాయమైన పలకల సంగతి ఇవాళ కాస్తయినా తెలుస్తున్నది ఆ బొమ్మల వల్లనే. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపిన రాళ్లు ఏళ్ల తరబడి ఆరుబయట ఎండకూ వానకూ పడి ఉన్నాయి. కొన్ని పలకలు అంతకుముందే మచిలీపట్నం బజారుకు అలంకారమయ్యాయి. 1856లో విలియం టేలర్ మద్రాసులోని రాళ్లకు జాబితా రాశాడు. మూడేళ్లకు వందకు పైగా రాళ్లు ఓడెక్కి లండన్ చేరాయి. అక్కడా 1867లో జేమ్స్ ఫెర్గూసన్ వెతికి పట్టుకునేదాకా వాటిని పట్టించుకున్నవాళ్లు లేరు. 1877లో రాబర్ట్ సూయెల్ కొంత భాగం తవ్వి, దొరికినచోటు రాసిపెట్టాడు. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు ఆదేశంతో దిబ్బనంతా తవ్వేశారు. మరుసటి ఏడాది సర్వేకు వచ్చిన జేమ్స్ బర్జెస్‌కు కనిపించినది పెద్ద గొయ్యి, పక్కన రాళ్లు. ఏ పలక ఏ దిక్కున నిలిచేదో, దేని పక్కన ఏది ఉండేదో చెప్పే ఆధారం ఆ గోతిలోనే పోయింది. తోలుపని చేసే విధికుడు పూర్ణఘట పలకను దానమిచ్చాడని శాసనమే చెబుతుంది. అలాంటి దాతల పలకలు స్తూపంలో ఎక్కడ నిలిచాయో తెలిస్తే, ఆనాటి సమాజంలో ఎవరికి ఏ చోటు దక్కిందో అడగవచ్చు. తవ్వినవాడు రాసిపెట్టనిది శాసనం చెప్పలేదు.

రాసుకోవడం వేరు, అర్థం చెప్పడం వేరు, చరిత్రకారుడికి రెండోదే ముఖ్యం అంటారు. కానీ మద్రాసు మ్యూజియంలోని అమరావతి శిల్పాలపై సి. శివరామమూర్తి 1942లో తెచ్చిన పుస్తకం చూడండి. శిల్పంలోని నగ, చీర, వాద్యం, కథ ఇంత లోతుగా చదివిన పండితుడు కూడా పలకలను ఒక్కొక్కటిగా వివరించే క్రమాన్ని వదల్లేదు. నాగార్జునకొండ మరింత గట్టి రుజువు. నాగార్జునసాగర్ ఆనకట్ట నీళ్లు లోయను ముంచెత్తబోతున్నాయని తెలిసి 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వకాలు సాగాయి. కొన్ని కట్టడాలను కొండ మీదికీ అనుపుకూ తరలించి మళ్లీ నిలబెట్టారు. లోయ ఇప్పుడు నీటి కింద ఉంది. విహారమూ ఘట్టమూ ఇళ్లూ ఒకదానికొకటి ఎంత దూరమో చెప్పగలిగేవి ఆనాటి ప్లానులూ నమోదులూ మాత్రమే. అమరావతిలో చోటు మిగిలి నమోదు పోయింది, ఇక్కడ చోటు మునిగి నమోదు మిగిలింది. విద్వాంసులు అక్కడి ఇక్ష్వాకు రాజుల నగరాన్ని అంత నమ్మకంగా ఊహించగలగడానికి కారణం ఇదే.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఒకటుంది. ఈ నమోదు పుస్తకాలు రాయి తెచ్చినవాడి పేరు రాస్తాయి, చెక్కినవాడి పేరు రాయవు. మెకంజీ సేకరణకు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల వంటి తెలుగువాళ్ల శ్రమ ఎంతో ఆధారమైనా ఘనత దొరకే దక్కింది. నిజమే, ఒప్పుకుంటాను. అయితే ఆ పక్షపాతాన్ని పట్టించేదీ నమోదే. రాయి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి, ఏ ఉత్తరువుతో పోయిందో అందులో ఉంటుంది. రేపు దాన్ని తిరిగి ఇమ్మని ఎవరైనా అడగాలన్నా ఆ వరుసే కావాలి. కాబట్టి విద్యార్థికి నంబర్లు మాత్రమే అప్పజెప్పి కూర్చోబెట్టే మ్యూజియం అన్యాయం చేస్తున్నట్టే. రిజిస్టరు పక్కన టేలర్ జాబితా, బర్జెస్ నివేదిక, మెకంజీ బొమ్మల ప్రతులు ఉంచాలి. ఒక పలకను ఈ మూడింటిలోనూ వెతికించి, ఎక్కడ పొసగలేదో విద్యార్థి పేరుతోనే రాయించి, ఆ కాగితాన్ని దస్త్రంలో చేర్చాలి.